గేమ్ కన్సోల్‌కి ఏ డిస్క్?

2006 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 3 ధరలు ప్రకటించింది. చిన్న మోడల్ 499 డాలర్లు, పెద్దది 599. అప్పటికే దుకాణాల్లో ఉన్న మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 మాత్రం 299, 399 డాలర్లకే దొరుకుతోంది. ఆటలాడుకునే యంత్రానికి అంత ధరా అని సోనీ అభిమానులే నోరెళ్లబెట్టారు. ఈ తేడాకు పెద్ద కారణాల్లో ఒకటి ఆ యంత్రం ముందు వైపు ఉన్న సన్నని సందు. అందులోకి వెళ్లేది మామూలు డీవీడీ కాదు, అప్పుడే మార్కెట్‌లోకి వస్తున్న బ్లూ-రే డిస్క్.

కొత్త కన్సోల్ తయారుచేసే కంపెనీ మొదట్లోనే తేల్చుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి. లక్షల యంత్రాలు అమ్ముడయ్యాక వాటిలోని డ్రైవ్‌ను మార్చడం కుదరదు. తర్వాత ఐదారేళ్లు వచ్చే ప్రతి ఆటా ఆ డిస్కులోనే పట్టాలి, ఆ వేగంతోనే లోడవ్వాలి, ఆ ఖర్చులోనే అచ్చవ్వాలి. డిస్కులో ఎన్ని జీబీలు పడతాయన్నదే అందరికీ కనిపించే లెక్క. ధర, వేగం, దొంగ కాపీలు, కొన్న ఆట మీద కొన్నవారికి ఉండే హక్కు కూడా ఈ నిర్ణయంతోనే ముడిపడి ఉంటాయి.

క్యాట్రిడ్జ్‌ను వదలని నింటెండో

1996లో నింటెండో 64 వచ్చేనాటికి పోటీదారులైన సోనీ, సెగా రెండూ సీడీకి మారిపోయాయి. నింటెండో మాత్రం చిప్పులున్న క్యాట్రిడ్జ్‌నే పట్టుకుంది. అందుకు గట్టి కారణాలే ఉన్నాయి. క్యాట్రిడ్జ్‌లో తిరిగే భాగాలుండవు కాబట్టి ఆట దాదాపు తక్షణం మొదలవుతుంది. ఇంట్లో కూర్చుని దాన్ని కాపీ చేయడం కూడా కష్టం. సూపర్ మారియో 64 మొత్తం 8 ఎంబీల్లోనే సర్దుకుంది.

అయితే అతిపెద్ద నింటెండో 64 క్యాట్రిడ్జ్‌లో పట్టేది 64 ఎంబీలే. సీడీలో 650 ఎంబీలు పడతాయి, పైగా అచ్చు ఖర్చు చాలా తక్కువ. ఆట బాగా అమ్ముడైతే సీడీలు మళ్లీ త్వరగా అచ్చు వేయించుకోవచ్చు. క్యాట్రిడ్జ్‌లను ముందే ఎక్కువ సంఖ్యలో తయారు చేయించాలి, మిగిలిపోతే ఆ నష్టం ప్రచురణకర్తదే. వీడియో దృశ్యాలతో భారీ కథలు చెప్పాలనుకున్న స్క్వేర్ సంస్థ ఏళ్ల తరబడి ఉన్న నింటెండో స్నేహాన్ని వదిలి ప్లేస్టేషన్ వైపు వెళ్లింది. 1997లో ఆ సంస్థ ఆట ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీల్లో వచ్చి సంచలనం సృష్టించింది. రెండు సీడీల రెసిడెంట్ ఈవిల్ 2ను 1999లో ఒకే 64 ఎంబీ క్యాట్రిడ్జ్‌లో కుదించి పెట్టిన ఇంజినీర్ల నేర్పును ఇప్పటికీ మెచ్చుకోవాల్సిందే. కానీ ప్రతి ఆటకూ అంత శ్రమ పడే ఓపిక, డబ్బు ఏ ప్రచురణకర్తకూ ఉండవు.

దొంగ కాపీల భయం మరో రకం నిర్ణయానికి దారితీసింది. 1998లో సెగా తన డ్రీమ్‌క్యాస్ట్ కోసం జీడీ-రామ్ అనే సొంత డిస్క్ వాడింది. దాదాపు ఒక జీబీ పట్టే ఈ డిస్కును ఇళ్లలోని సీడీ రైటర్లు కాపీ చేయలేవని ధీమా. అయితే మల్టీమీడియా సంగీత డిస్కుల కోసం సెగానే పెట్టిన ఒక సౌకర్యం ద్వారా మామూలు సీడీతో కూడా యంత్రాన్ని నడపవచ్చని 2000లో బయటపడింది. అదే ఏడాది సోనీ ప్లేస్టేషన్ 2 డీవీడీ సినిమాలను కూడా ఆడిస్తూ వచ్చింది. ఇంటికి ఒక్క పెట్టె కొంటే ఆటలూ సినిమాలూ రెండూ! 16 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రానికి డీవీడీ పెద్ద బలమైంది. సెగా 2001లో కన్సోళ్ల తయారీ నుంచే తప్పుకుంది.

నీలి కిరణం మీద పందెం

డీవీడీతో కలిసొచ్చిన విజయాన్ని బ్లూ-రేతో మళ్లీ సాధించాలన్నది సోనీ ఆలోచన. ఈ డిస్కుల్లో సమాచారం కంటికి కనిపించనంత చిన్న గుంతల రూపంలో, చుట్టలు చుట్టలుగా సాగే ఒకే గీత మీద ఉంటుంది. లేజర్ తరంగదైర్ఘ్యం ఎంత తక్కువైతే అంత సన్నని గీతను చదవగలదు. డీవీడీ ఎర్ర లేజర్ 650 నానోమీటర్లు, బ్లూ-రే నీలి లేజర్ 405. డీవీడీలో గీతకూ గీతకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లు ఉంటే బ్లూ-రేలో అది 0.32 మైక్రాన్లే. అందుకే ఒక పొరలో 4.7 జీబీలకు బదులు 25 జీబీలు పడతాయి.

తోషిబా నాయకత్వంలో వచ్చిన పోటీ డిస్క్ హెచ్‌డీ డీవీడీకీ అదే నీలి లేజర్. పొరకు 15 జీబీలే పట్టినా, పైపొర మందం డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్లు కావడంతో పాత కర్మాగారాలను కొద్ది మార్పులతో వాడుకోవచ్చు. బ్లూ-రే పైపొర 0.1 మిల్లీమీటరే కాబట్టి దానికి కొత్త యంత్రాలు కావాలి. మైక్రోసాఫ్ట్ ఈ పోరులో యంత్రం లోపల డీవీడీనే ఉంచి, హెచ్‌డీ డీవీడీ సినిమాలు చూడాలనుకునేవారికి 199 డాలర్ల డ్రైవ్‌ను విడిగా అమ్మింది.

సోనీ పందెం ఖరీదైనది. నీలి లేజర్ డయోడ్లు సరిపడా తయారు కాక ఐరోపాలో విడుదల 2007 మార్చికి వాయిదా పడింది. ఆ ఆర్థిక సంవత్సరంలో సోనీ గేమ్స్ విభాగం సుమారు 23,000 కోట్ల యెన్‌ల నష్టం చూపింది. అయితే విడి బ్లూ-రే ప్లేయర్లు వెయ్యి డాలర్లు పలుకుతున్న రోజుల్లో ప్లేస్టేషన్ 3 కొన్న ప్రతి ఇల్లూ బ్లూ-రే ఇల్లయింది. 2008 జనవరిలో సినిమా నిర్మాణ సంస్థ వార్నర్ బ్లూ-రే వైపు మొగ్గింది, ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని విరమించుకుంటున్నట్టు ప్రకటించింది.

మరి ఆటల సంగతి? ఫైనల్ ఫాంటసీ 13 ప్లేస్టేషన్‌లో ఒకే డిస్కులో వస్తే ఎక్స్‌బాక్స్‌లో మూడు డీవీడీలు పట్టింది. రెండున్నర గంటల తెలుగు సినిమాను వీసీడీలు మార్చుకుంటూ చూసినవారికి ఆ ఇబ్బంది చెప్పనక్కర్లేదు. అయినా ఎక్స్‌బాక్స్ 360 కుదేలవలేదు. అది సుమారు 8.4 కోట్లు, ప్లేస్టేషన్ 3 సుమారు 8.7 కోట్లు అమ్ముడయ్యాయి. పెద్ద డిస్క్ సినిమాల యుద్ధం గెలిపించింది, ఆటల మార్కెట్‌లో మాత్రం రెండూ దాదాపు సమానంగా నిలిచాయి.

పాత్ర పెద్దది, మూతి చిన్నది

పెద్ద డిస్క్ ఉన్నా ఆటల్లో పైచేయి రాకపోవడం వెనుక వేగం లెక్క కూడా ఉంది. ప్లేస్టేషన్ 3 డ్రైవ్ సెకనుకు సుమారు 9 ఎంబీలు చదువుతుంది. ఆ యంత్రంలోని 512 ఎంబీల మెమరీని డిస్కు నుంచే నింపాలంటే దాదాపు నిమిషం పడుతుంది. ఎక్స్‌బాక్స్ 360లోని డీవీడీ డ్రైవ్ డిస్కు అంచు దగ్గర ఇంతకంటే వేగంగా చదవగలదు. అందుకే చాలా ప్లేస్టేషన్ 3 ఆటలు కొంత భాగాన్ని ముందుగా హార్డ్ డిస్కులోకి ఎక్కించుకునేవి.

2013 నాటి ప్లేస్టేషన్ 4లో మెమరీ 8 జీబీలకు చేరింది. దాని డ్రైవ్ సెకనుకు సుమారు 27 ఎంబీలు చదివినా ఆ మెమరీ నిండటానికి ఐదు నిమిషాలు కావాలి. దాంతో ఆటంతా హార్డ్ డిస్కులోకి ఇన్‌స్టాల్ కావడం తప్పనిసరైంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీలు అందిస్తుంటే, వంద జీబీల బ్లూ-రే కేవలం ఆటను ఇంటికి మోసుకొచ్చే సంచీగా మిగిలింది.

ఆ సంచీ అక్కర్లేదని కంపెనీలు ఇప్పుడు నెమ్మదిగా చెబుతున్నాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డ్రైవే లేదు. 2024లో 700 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలోనూ లేదు, కావాలంటే విడిగా కొని బిగించుకోవాలి. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కోసం అమ్మే కొన్ని కార్డుల్లో ఆటే ఉండదు. వాటిలో ఉండేది తాళంచెవి మాత్రమే, ఆటను ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి.

నెట్ వేగంగా ఉన్నవారికి డౌన్‌లోడ్ సుఖమే. కానీ డిస్కును స్నేహితుడికి అరువివ్వవచ్చు, పాతబడ్డాక సగం ధరకు అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఆటతో ఆ రెండూ కుదరవు, కంపెనీ దుకాణం మూసేస్తే కొనే దారే ఉండదు. నింటెండో 2023 మార్చిలో వీ యూ, 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. 2021లో ప్లేస్టేషన్ 3 ఆన్‌లైన్ దుకాణాన్ని మూసేస్తామన్న సోనీ, ఆటగాళ్ల నిరసనతో కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. కంపెనీలు వినక తప్పని గొంతు కొనుగోలుదారులకు ఉందని ఆ ఘటన చూపింది. రాబోయే కన్సోళ్లలో విడి డ్రైవ్ అయినా దొరకాలని, డిస్కులో లేదా కార్డులో ఆటంతా ఉందో లేదో అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించాలని ఆ గొంతుతోనే అడగాలి.