బ్రౌజర్‌ మారితే.. మీ ప్రాజెక్టు నిలుస్తుందా?

‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది సార్‌!’ ఫైనలియర్‌ ప్రాజెక్టు చూపిస్తూ చాలామంది చెప్పే మాట ఇది. కాలేజీలో దీంతో గట్టెక్కొచ్చు. కంపెనీలో మాత్రం కుదరదు. మీరు తయారుచేసిన స్క్రీన్‌ను అకౌంట్స్‌ విభాగం ఎడ్జ్‌లో తెరుస్తుంది. మేనేజర్‌ ఐఫోన్‌లోని సఫారీలో చూస్తారు. ఎక్కడ తేడా కొట్టినా జీతాల బిల్లో, కస్టమర్‌ ఆర్డరో ఆగిపోతుంది.

ఒక్కదాన్నే నమ్ముకుంటే...

2001లో ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌ 6 వచ్చాక ఎన్నో సంస్థలు దానికోసమే, యాక్టివ్‌ఎక్స్‌ సాయంతో సాఫ్ట్‌వేర్‌ రాయించుకున్నాయి. యాక్టివ్‌ఎక్స్‌ భాగాలు కంప్యూటర్‌లోని ఫైళ్ల వరకూ వెళ్లగలవు. పని సులువైంది కానీ హ్యాకర్లకూ అదే దారైంది. తిరగరాయాలంటే ఖర్చు. అందుకే ఆ బ్రౌజర్‌ పాతబడినా చాలామంది వదల్లేకపోయారు. చివరికి మైక్రోసాఫ్ట్‌ 2022 జూన్‌ 15న ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌కు వీడ్కోలు పలికింది. పాత సాఫ్ట్‌వేర్‌ కోసం ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్‌’ను కనీసం 2029 వరకు ఉంచుతామంది. అంటే పాత స్క్రీన్లను కొత్త బ్రౌజర్లకు మార్చే పని ఇంకా మిగిలే ఉందన్నమాట!

ఏం నేర్చుకోవాలి?

* క్రోమ్‌, ఎడ్జ్‌ల ఇంజిన్‌ ఒకటే.. బ్లింక్‌. ఈ రెండింట్లో చూసి ‘అంతా ఓకే’ అనుకోవద్దు. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్‌. మూడు ఇంజిన్లలోనూ పరీక్షించాలి.

* సెలీనియం, ప్లేరైట్‌లలో ఒకటైనా సాధన చేయండి. రెండూ ఉచితమే. మ్యాక్‌ లేకపోయినా ప్లేరైట్‌తో విండోస్‌లోనే వెబ్‌కిట్‌ పరీక్ష చేయొచ్చు.

* బ్రౌజర్‌ పేరును బట్టి కోడ్‌ రాయొద్దు. కావాల్సిన ఫీచర్‌ అందులో ఉందో లేదో చూసి రాయాలి.

* యూజర్‌ టైప్‌ చేసిందాన్ని ఉన్నదున్నట్టు పేజీలో పెడితే క్రాస్‌సైట్‌ స్క్రిప్టింగ్‌ దాడికి తలుపు తీసినట్టే. సెషన్‌ కుకీలకు ‘హెచ్‌టీటీపీఓన్లీ’, ‘సెక్యూర్‌’ గుర్తులు తప్పనిసరి.

* బ్రౌజర్‌లో చేసే తనిఖీని ఎవరైనా దాటేయొచ్చు. అదే తనిఖీ సర్వర్‌లోనూ ఉండాలి.

ఈ వారమే మొదలుపెట్టండి

మీ ప్రాజెక్టును మూడు ఇంజిన్లలో తెరిచి చూడండి. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో, ఎలా సరిచేశారో ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ‘టెస్టింగ్‌ తెలుసు’ అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. ఇంటర్వ్యూలో ‘ఏదీ, ఒక ఉదాహరణ చెప్పండి’ అన్నప్పుడు మీ దగ్గర చెప్పడానికి ఓ సొంత కథ ఉంటుంది!