గాలపు దారము – చేప నోరు

గాలమనగానే మన పల్లెలలో వెదురు కర్ర, జీలుగు బెండు, వానపాము ఎర కళ్ళకు కడతాయి. చెరువు గట్టున కూర్చుండి చిన్న పరిగెలను పట్టడానికి ఆ సరంజామా చాలును. కాని గోదావరి, కృష్ణ వంటి నదులలో మీటరుకు మించి పెరిగే వాలుగ తగిలినప్పుడు సంగతి వేరు. ఇతర చేపలను మింగి బ్రతికే అటువంటి పెద్ద చేపకు దారము ఎంత గట్టిగా ఉండాలి అన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నలో సగమే ఉన్నది. గాలపు దారానికి పరీక్షలు రెండు: ఒకటి చేప లాగుడు, రెండవది చేప నోరు. ఒకదానిలో నెగ్గిన పదార్థము రెండవదానిలో ఓడిపోవచ్చును. అందుచేతనే అనుభవజ్ఞులు దారమంతా ఒకే పదార్థముతో ఉంచక, ముల్లుకు దగ్గరగా వేరొక పదార్థపు తునకను కడతారు. దీనినే లీడరు అంటారు.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. నైలాను రాకముందు ఐరోపాలో పట్టు దారానికి చివర ‘గట్’ అనే తునకను కట్టేవారు. గూడు కట్టబోయే పట్టుపురుగును వెనిగారులో నానబెట్టి, దాని పట్టుగ్రంథులను బయటికి తీసి, సాగలాగి ఆరబెడితే ఒంటిపోగు తయారయ్యేది. స్పెయిన్ దేశములోని ముర్షియా ప్రాంతము ఈ పరిశ్రమకు పేరు పొందినది. పాపము, పురుగు ఎంత పొడుగు ఇస్తే అంతే! పైగా పొడిగా ఉంటే పెళుసు. వాడబోయే ముందు నీటిలో నానవేయవలసి వచ్చేది. 1935లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో కారొథర్స్ బృందము నైలానును తయారుచేసిన తరువాత ఈ బాధ క్రమంగా తొలగిపోయినది. ఇప్పుడు నైలానుతో పాటు, అత్యధిక అణుభారము గల పాలిథీను పోగులను జడవలె అల్లిన దారములు కూడ విరివిగా దొరుకుతున్నవి.

మొదటి పరీక్షను చూద్దాము. దారము ఓర్చుకోగల బలము దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. కనుక వ్యాసము రెట్టింపైతే బలము సుమారు నాలుగింతలవుతుంది. 0.30 మిల్లీమీటర్ల నైలాను దారము దాదాపు 5, 6 కిలోగ్రాముల బరువును మోస్తే, 0.60 మిల్లీమీటర్లది 20 కిలోగ్రాములకు పైగా మోస్తుంది. అల్లిన పాలిథీను దారము అంతే బరువును ఇంకా చాలా సన్నగా ఉండి మోయగలదు. అయితే ఇదే మేలైనదా? తొందరపడరాదు.

చేప బరువుగా వ్రేలాడే రాయి కాదు, ఉరుకుతుంది. 10 కిలోగ్రాముల చేప సెకనుకు 3 మీటర్ల వేగముతో పోతున్నదనుకొందాము. దాని గతిశక్తి 45 జౌళ్ళు. 200 న్యూటన్ల వద్ద తెగే రెండు దారములను, 10 మీటర్ల చొప్పున తీసుకొందాము. నైలాను తెగే లోపల నూటికి 20 వంతులు, అంటే 2 మీటర్లు సాగుతుందనుకొంటే, అది ఇముడ్చుకోగల శక్తి సగము బలమును సాగుదలతో గుణిస్తే వస్తుంది: 200 జౌళ్ళు. పాలిథీను సాగేది నూటికి మూడున్నర వంతులే. కనుక అది ఇముడ్చుకొనేది 35 జౌళ్ళు. అనగా బలము సమానమే అయినా, రెండవ దారము ఆ ఒక్క ఉరుకుకే పుటుక్కుమంటుంది! (లెక్క సులువు కోసము బలము, సాగుదల అనులోమానుపాతములో ఉన్నవని అనుకొన్నాము.) ఆ లోటును వంగే కర్ర, రీలులోని బ్రేకు పూరించవలసి ఉంటుంది. దారము తెగే బలములో మూడవ వంతుకు మించకుండా బ్రేకును బిగిస్తారు. అందులోనూ ఒక మెలిక ఉన్నది. దారము పోయిన కొద్దీ రీలు మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసార్థము సగమైతే, అదే బ్రేకును జార్చడానికి చేప రెట్టింపు బలముతో లాగాలి. సాగకపోవడములో లాభము కూడ లేకపోలేదు: దూరాన చేప ఎరను ముట్టినా చేతికి వెంటనే తెలుస్తుంది.

ఇక రెండవ పరీక్ష. ఇక్కడ చేపను బట్టి లీడరు మారవలసినదే. ఐరోపా, ఉత్తర అమెరికాల మంచినీటిలో నివసించే పైక్ చేప కింది దవడలో కోరల వంటి పళ్ళు, అంగిటిలో వెనుకకు వాలిన చిన్న పళ్ళు వందలకొద్దీ ఉంటాయి. 1986లో జర్మనీలో దొరికిన ఒక పైక్ 25 కిలోగ్రాములు తూగినది. బిగిసి ఉన్న దారముపై పంటి మొన ఆనితే, బలమంతా సూదిమొనంత చోట పడుతుంది. నైలానుపై చిన్న గాటు పడితే చాలు, మిగతా పని లాగుడే పూర్తిచేస్తుంది. అల్లిన పాలిథీనుదైతే సన్నని పోగుల సముదాయము. అవి ఒక్కొక్కటే తెగిపోతాయి. అందువలన పైక్‌కు ఉక్కుతీగ లీడరు తప్పనిసరి. మన వాలుగ నోరు చాలా వెడల్పు. పళ్ళు కోరలు కావు, ఆకురాయి వలె గరుకుగా ఉండే సన్నపళ్ళ పట్టీలు. అవి ఒక్క దెబ్బకు కోయవు, అరగదీస్తాయి. దానికి మందపాటి నైలానైనా కొంతసేపు నిలుస్తుంది గాని, పెద్ద వాలుగకు ఉక్కే నమ్మదగినది.

మహాశీర్ సంగతి చిత్రమైనది. కబిని నదిలో 1946లో 120 పౌండ్ల మహాశీర్ గాలానికి చిక్కినది. ఇంతటి చేపకు దవడలలో ఒక్క పన్నైనా లేదు! కార్పు జాతికి చెందినది కనుక పళ్ళు గొంతులో ఉంటాయి. పీతలను, నత్తలను అక్కడే నలగగొడుతుంది. దీనికి ఉక్కు లీడరు అవసరము లేదు. అది రాళ్ళ మధ్య ప్రవాహములో ఉరుకుతుంది కనుక దారాన్ని కోసేది బండరాయి. ఒరిపిడికి ఆగే మందపు నైలాను తునక, నలగని ముల్లు కావాలి.

ఉక్కుతీగ బిరుసు కదా, ఎర సహజముగా ఎట్లా ఆడుతుంది? తీగ బిరుసుతనము వ్యాసము నాలుగవ ఘాతముతో, అంటే వైశాల్యము వర్గముతో మారుతుంది. ఒక తీగకు బదులు, అంతే మొత్తము వైశాల్యము గల ఏడు సన్నతీగలను పేనితే బిరుసు ఏడవ వంతుకు దగ్గరగా దిగుతుంది. 49 తీగలైతే ఇంకా మెత్తన. బలము మాత్రము తగ్గదు.

కనబడని లీడరని ఫ్లోరోకార్బను తునకలను కూడ అమ్ముతారు. నీటి వక్రీభవన గుణకము 1.33, దానిది 1.42, నైలానుది సుమారు 1.53. కనుక నైలాను కంటె తక్కువగా కనబడే మాట నిజమే. పైక్ పళ్ళ ముందు మాత్రము అదీ ప్లాస్టిక్కే.

లీడరు తెగితే నష్టపోయేది గాలమువాడు మాత్రమే కాదు. ముల్లు గొంతులో దిగిన చేప మేత మింగలేక చావవచ్చును. కావేరిలోని మూపు మహాశీర్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2018లో తీవ్ర ప్రమాదములో ఉన్న జాతిగా ప్రకటించినది. అటువంటి చేప విషయములో ఇది చిన్న సంగతి కాదు. దారము ఎక్కడో ఒకచోట తెగక తప్పదనుకొంటే, లీడరుకు పైనున్న ముడి దగ్గరనే తెగేటట్లు ఏర్పాటు చేయడము మంచిది. అప్పుడు చేప వెనుక పదుల మీటర్ల దారము ఈడ్చుకొనిపోయి రాళ్ళకు చుట్టుకోదు. ముడి ఎట్లాగూ దారము కంటె బలహీనమే. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి ఇంకా పాడవుతుంది, పాలిథీను 150 డిగ్రీల సెంటిగ్రేడు లోపలే కరుగుతుంది కదా. అందుకే బిగించే ముందు ముడిని నీటితోనో, ఉమ్మితోనో తడుపుతారు.