నీరు నిలిచే పెరటికి ఎత్తుమడులు

మన పట్టణాలలో ఇల్లు కట్టుకొనేవారు గదుల కొలతలను గురించి పలుమార్లు ఆలోచిస్తారు. పెరటిలో పడిన వాననీరు ఏ దిక్కుకు పోవాలో ఆలోచించేవారు అరుదు. కాలక్రమాన రోడ్డు మీద రోడ్డు వేయగా వీథి ఎత్తవుతుంది, ఇంటి ఆవరణ పల్లమవుతుంది. కర్నూలు, నంద్యాల ప్రాంతాలలో వలె నేల నల్లరేగడి అయితే, ఒక పెద్దవాన తరువాత రెండు మూడు రోజులు పెరడు మడుగై ఉంటుంది. ఆకుకూరలు పసుపుబారుతాయి; మిరపమొక్క మొదలు కుళ్ళి వాలిపోతుంది. విసిగిన గృహస్థు చివరకు పెరడంతా సిమెంటు చేయిస్తాడు. దానితో కూరపాదులూ పోతాయి, నేలలో ఇంకవలసిన కొద్దిపాటి నీరూ వీథిపాలవుతుంది. ఈ నష్టం తప్పనిది కాదని, ఎత్తుమడులు కట్టుకొంటే ఆ పెరడే కూరగాయల నిస్తుందని తెలుపుటకే మేమీ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా కారణాన్ని విచారిద్దాము. వేళ్ళు కూడా మనవలెనే శ్వాసిస్తాయి. మట్టిరేణువుల నడుమ ఖాళీలలో ఉండే గాలినుండి ప్రాణవాయువును గ్రహిస్తాయి. ఆ ఖాళీలు నీటితో నిండిపోతే ప్రాణవాయువు వ్యాపించే వేగం గాలిలో కంటె సుమారు 10,000 రెట్లు తగ్గుతుంది. ఊపిరాడని వేరును కుళ్ళుతెగులు సులభంగా పట్టుకొంటుంది. నల్లరేగడిలోని అతి సన్నని బంకరేణువులు తడిసి ఉబ్బి నీటిదారులను మూసివేస్తాయి. వేసవిలో ఆ నేలే నెర్రెలు విచ్చుతుంది.

పెరటి గుణం తెలుసుకొనుటకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. అడుగు వెడల్పు, అడుగు లోతు గల గుంట త్రవ్వి నీటితో నింపవలెను. అది ఇంకిన పిమ్మట మరల నింపి, కొలబద్ద నిలిపి చూడవలెను. గంటకు 1 అంగుళమైనా నీరు దిగకపోతే అక్కడ ఎత్తుమడి అవసరమని గ్రహించవచ్చును.

మడిని దించవలెనా, ఎత్తవలెనా అనేది నీటి ఎద్దడిని, ముంపును బట్టి ఉంటుంది. మొగలుల చార్‌బాగ్ తోటలలో నడకదారులు ఎత్తుగా, మడులు పల్లంగా అమర్చేవారు. కాలువనీరు మడిలో నిలిచి వేళ్ళకు అందాలని వారి ఉద్దేశం. మెక్సికో నగరం చెంతనున్న షొచిమిల్కోలో ఇందుకు విరుద్ధంగా, లోతులేని సరస్సు అడుగునుండి బురద తీసి పోసి, నీటికి పైన చినాంపాలనే మడులను నిలిపారు. నేటికీ అక్కడ కూరగాయలు పండుతున్నాయి. మన రైతులు మిరప, ఉల్లి నారును ఎత్తయిన మడులలో పోయడం, పసుపును బోదెలపై నాటడం కూడా ఈ సూత్రంపైననే.

ఇక నిర్మాణం. మడికంటె ముందు నీటిదారిని నిర్ణయించవలెను. మడుల నడుమ ఒకటిన్నర అడుగుల బాట వదలి, దానికి ప్రతి 8 అడుగులకు 1 అంగుళం చొప్పున వాలు ఇయ్యవలెను. ఆ నీటిని వీథికాలువకు గాని, పెరటిలోని పల్లపు మూలకు గాని మళ్ళించవలెను. పొరుగువారి గోడవైపు ఎన్నటికీ మళ్ళించరాదు; మన మడుగును వారి పెరటికి మార్చడం సేద్యం కాదు. పల్లపు మూలలో తడిని ఓర్చుకొనే చేమ, మెట్టతామర నాటవచ్చును. ఇంటిగోడకు చెమ్మ ఎక్కకుండా మడిని 2 అడుగుల దూరాన ఉంచవలెను.

మడి వెడల్పు 4 అడుగులు మించరాదు. రెండు వైపులనుండి చేయి నడుమకు అందితే మడిలో కాలుపెట్టి మట్టిని అణగద్రొక్కవలసిన పని ఉండదు. ఆకుకూరలకు 9 అంగుళాల ఎత్తు చాలును. వంగ, టమాట, మిరపలకు అడుగు మేలు. అంచులకు ఇటుకలు గాని, చవకగా దొరికే బేతంచర్ల బండల ముక్కలు గాని నిలిపి, నీరు వెడలుటకు అడుగున సందులు వదలవలెను. మట్టి పోయడానికి ముందు అడుగునేలను గడ్డపారతో ఒక జానెడు గుల్ల చేయవలెను. ముద్దగా తడిసిన నేలను కదపరాదు. పిడికిట పట్టిన మట్టి ముద్దకట్టక పొడిగా విడిపోయినప్పుడే పని మొదలుపెట్టవలెను.

రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి మడి నింపవలెను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 1 అడుగు ఎత్తు గల మడికి 32 ఘనపుటడుగుల మిశ్రమం కావలెను. అర ఘనపుటడుగు పట్టే తట్టతో ఇది 64 తట్టలు.

ఇక్కడ రెండు అపోహలను తొలగించుకొనవలెను. బంకమట్టిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే నీరు పోతుందనుకొంటారు. కొద్దిపాటి ఇసుక బంకతో కలిసి ఇటుకవలె గట్టిపడుతుంది. మడి అడుగున కంకర పరచితే మేలనుకొంటారు. కంకరకు పైనున్న సన్నని మట్టి పూర్తిగా నానేవరకు నీరు క్రిందికి దిగదు. అనగా తడి మరింత వేళ్ళ దగ్గరకు చేరుతుంది.

ఎత్తుమడికి ఒక లోపమున్నది: వేసవిలో త్వరగా ఆరిపోతుంది. వరిగడ్డి గాని, వేరుసెనగ పొట్టు గాని పైన పరచితే తేమ నిలుస్తుంది. మట్టి ఏటేటా కుంగుతుంది గనుక వానలకు ముందు 2 అంగుళాల ఎరువు వేస్తూ ఉండవలెను.

సిమెంటు పోయించాలని తలచేవారు ఈ వేసవిలో ఒక్క మడిని కట్టి, తోటకూర, మెంతికూర విత్తి చూడవలసిందిగా మా మనవి. పెరడంతా ఎత్తు చేయనక్కరలేదు. వేరు నిలిచే అడుగు మేరను ఎత్తితే చాలును. వానకాలమంతా బాటలో నీరు పారుతున్నా మడిలో కూర పచ్చగా ఉంటుంది.