‘వదిలెయ్ తమ్ముడూ’ అన్న పదిహేడు మందిలో నేనొకణ్ణి

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక సగంలో ఆపేసిన సంగతి ఒకటుంది. దాన్ని ఇక్కడ పూర్తి చేస్తున్నా. మేం మాట్లాడిందంతా ఎప్పట్లాగే కింద అక్షరం పొల్లుపోకుండా ఉంది.

పోయిన చలికాలంలో ఒక రాత్రి, పదకొండు దాటాక, మన కెమ్నిట్జ్ వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడి మెసేజ్ వచ్చింది. “అన్నలూ, అక్కలూ, మా మేనేజర్ రోజూ అందరి ముందూ తిడుతున్నాడు. ఇలాంటి చోట ఎవరైనా పని చేస్తారా? రిజైన్ చేసేయనా?” ఇక్కడే మాస్టర్స్ చేసి, పధ్నాలుగు నెలలుగా ఉద్యోగంలో ఉన్నాడు. అరగంటలో పదిహేడు మంది వదిలెయ్ అన్నారు. నేనూ “ఆరోగ్యం కన్నా ఉద్యోగం ఎక్కువా తమ్ముడూ” అని రాసి పడుకున్నా.

ఒక అక్క మాత్రం “నీ అంతట నువ్వు మానేస్తే నిరుద్యోగ భృతి ఎప్పట్నుంచి ఇస్తారో కనుక్కున్నావా?” అని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. “అక్కది ఎప్పుడూ నెగెటివే” అని ఎవరో అంటే నవ్వు బొమ్మలు పడ్డాయి.

మర్నాడే సంతకం పెట్టిన కాగితం ఇచ్చేశాడు.

జర్మనీలో బలమైన కారణం చూపకుండా మనంతట మనం ఉద్యోగం మానేస్తే, నిరుద్యోగ భృతి మామూలుగా 12 వారాలు ఆపేస్తారు. దాన్నే ష్పెర్‌త్సైట్ అంటారు. మూడు నెలల అద్దె, మూడు నెలలు ఇంటికి పంపాల్సిన డబ్బు. ముందే డాక్టర్ని కలిసి, ఈ పని వల్ల ఆరోగ్యం చెడుతోందని కాగితం తీసుకుని, మానేయక ముందే ఆర్బైట్స్ అగెంటూర్‌లో మాట్లాడి ఉంటే అది తప్పే వీలుండేది. ఉద్యోగం పోతే రెండు వారాల్లో వీసా ఆఫీసుకి, అంటే ఔస్‌లెండర్‌బెహోర్డెకి, తెలియజేయాలన్న మాటా పదిహేడు మందిలో ఒక్కరం అనలేదు.

అతని మెసేజ్ మళ్ళీ చదవండి. “ఇలాంటి చోట ఎవరైనా పని చేస్తారా?” అన్నప్పుడే జవాబు అందులో ఉంది. నిర్ణయం అయిపోయింది, కావాల్సింది తోడు. ఊళ్ళో అయితే నాన్నో మేనమామో పక్కన కూర్చుని వినేవాళ్ళు. ఇక్కడ నాలుగింటికే చీకటి పడే డిసెంబరు, ఒక గది, ఒక ఫోను. అమ్మకి చెబితే నిద్రపోదు. అందుకే మనసులో బాధ ప్రశ్న వేషం వేసుకుని గ్రూపులోకి వస్తుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెత ఊరికే పుట్టలేదు.

బాధ లేనప్పుడూ మన బుద్ధి ఇలాగే నడుస్తుంది. 1960లో పీటర్ వేసన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త కొందరికి 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనకున్న సూత్రం కనిపెట్టమన్నాడు. వాళ్ళు వేరే అంకెలు చెబితే, అవి సూత్రానికి సరిపోతాయో లేదో చెప్తాడు. చాలామంది ‘రెండేసి పెరగాలి’ అనుకుని 8, 10, 12 లాంటివే అడిగారు. అవునన్న జవాబు వచ్చేకొద్దీ నమ్మకం పెరిగింది. అసలు సూత్రం ‘పెరుగుతూ పోవాలి’, అంతే. 1, 2, 50 అని అడిగినా అవుననేవాడు. తమ లెక్క తప్పేమో చూద్దామని అడగడం చాలామందికి తోచలేదు.

భారతంలో ధృతరాష్ట్రుడికి నిద్రపట్టక విదురుణ్ణి పిలిపించి రాత్రంతా నీతులు అడుగుతాడు. విదురుడు పాండవుల భాగం ఇచ్చెయ్యమంటాడు. నువ్వన్నది నిజమే, కానీ దుర్యోధనుణ్ణి చూడగానే మనసు తిరిగిపోతుంది అంటాడు రాజు. మరి అడగడం ఎందుకు అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవట్లేదు.

కొట్లాట కోసం అడిగేవాళ్ళ రకం వేరు. ‘కెమ్నిట్జ్ సేఫేనా?’ అన్న ప్రశ్న మనకి కొత్త కాదు. రావాలా వద్దా తేల్చుకోలేక అడిగే పిల్లలకి జవాబివ్వాలి. కానీ కొందరు 2018 ఆగస్టులో ఇక్కడ జరిగిన హత్యనీ, ఆ తర్వాత వలసవాళ్ళ మీద రోడ్డెక్కిన గుంపుల్నీ చేతిలో పట్టుకునే వస్తారు. ఆ సెప్టెంబరు 3న వాళ్ళకి వ్యతిరేకంగా జరిగిన కచేరీకి దాదాపు 65,000 మంది వచ్చారనండి, వినరు. 2025లో ఇది యూరప్ సాంస్కృతిక రాజధాని అనండి, అదీ వినరు. న్యాయశాస్త్రంలో గౌతముడు దీన్ని ఎప్పుడో విడదీసి పెట్టాడు: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిది కొట్టెయ్యడమే వితండం. మనం రోజూ వాడే వితండవాదం అక్కణ్ణుంచి వచ్చిందే. అలాంటి ప్రశ్నకి నేను జవాబు రాయడం మానేశా. అడిగినవాడికి ఏ జవాబుతో మనసు మారుతుందో వాడే చెప్పలేనప్పుడు మన రాత్రి పాడుచేసుకోవడం ఎందుకు?

తమ్ముడిది ఆ రకం కాదు. అతనికి తోడూ కావాలి, అక్క అడిగిన ప్రశ్నా కావాలి. మేం ఒకటి ఇచ్చి రెండోదాన్ని నవ్వేశాం. అక్కకి తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పా. “నాకెందుకయ్యా, వాడికి చెప్పు” అంది.

పోయిన వారం ఇంకొకతను దాదాపు అదే మాట రాశాడు. ఈసారి వెంటనే ఫోన్ చేసి, లెటర్ ఇచ్చేశావా ఇంకా ఇవ్వలేదా అని అడిగా. ఇచ్చేశానన్నాడు, ఇంకో నెలే ఉందన్నాడు. అయితే ఆర్బైట్స్ అగెంటూర్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని ఈ పూటే పేరు రాయించుకో, మూడు రోజులే గడువు అని చెప్పా. ఆ తర్వాత వాళ్ళ మేనేజర్ సంగతి గంటన్నర విన్నా.