పక్క వీధికే కదా అని హెల్మెట్ వదిలేస్తున్నారా?

హిందూపురం నుంచి లేపాక్షికి సుమారు 15 కి.మీ. బండి మీద అరగంటలోపే వెళ్లిపోతారు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి నుంచి పట్టుచీరల షాపుకు వెళ్లడానికి ఐదు పది నిమిషాలు చాలు. పెనుకొండ ఊళ్లోనే పనైతే అంత సమయం కూడా పట్టదు. ఇలాంటి ప్రయాణాల్లో చాలామంది హెల్మెట్ ఇంట్లోనే వదిలేస్తారు, లేదా బండి అద్దానికి తగిలిస్తారు. హైవే ఎక్కినప్పుడో, ముందు పోలీసులు కనిపించినప్పుడో మాత్రమే అది తలకెక్కుతుంది.

కానీ బండి మీద నుంచి పడినప్పుడు తలకు తగిలే దెబ్బకు, మీరు వెళ్లాల్సిన దూరానికి సంబంధం లేదు. ఎందుకో చూద్దాం.

నెమ్మదిగా వెళ్తే ప్రమాదం లేదా?

బండి మీద కూర్చున్నప్పుడు మీ తల నేలకు దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా నేలను తాకే సమయానికి దాని వేగం గంటకు 19 కి.మీ. దాటుతుంది. ఇది కేవలం కింద పడటం వల్ల వచ్చే వేగం. బండి వేగం దీనికి అదనం. ఇసుకలో జారినా, కుక్క అడ్డొచ్చినా, గుంతలో చక్రం దిగినా తల నేరుగా సిమెంటు రోడ్డుకో, డివైడర్ అంచుకో కొట్టుకోవచ్చు.

మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. పుర్రె ఒక్కసారిగా ఆగిపోయినా మెదడు ఆగదు. అది పుర్రె లోపలి గోడలకు కొట్టుకుంటుంది. రక్తనాళాలు చిట్లి లోపల రక్తం గడ్డకట్టవచ్చు, మెదడు వాచిపోవచ్చు. ఒక్కోసారి పడిన మనిషి లేచి నిలబడి, బాగానే మాట్లాడి, కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పుతాడు. అందుకే ‘రక్తం కారలేదు, ఏం కాలేదు’ అనుకోవడానికి లేదు.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది?

పైనున్న గట్టి డిప్ప దెబ్బను ఒకేచోట పడనీయకుండా విస్తరింపజేస్తుంది. అసలు పని దాని లోపలున్న థర్మాకోల్ పొరది. దెబ్బ తగలగానే ఆ పొర నలుగుతుంది. అది నలిగే ఆ క్షణంలో తల కాస్త నెమ్మదిగా ఆగుతుంది, మెదడుకు చేరే దెబ్బ తగ్గుతుంది. గడ్డం కింది పట్టీ ఈ రెండింటినీ తల మీద నిలబెడుతుంది. పట్టీ పెట్టుకోకపోతే మీరు నేలను తాకేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది.

నలిగిన థర్మాకోల్ మళ్లీ మామూలు స్థితికి రాదు. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా దాన్ని మార్చేయాల్సిందే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 35,692 మంది బండి నడిపేవారైతే, 14,337 మంది వెనక కూర్చున్నవారు. 61 పరిశోధనలను కలిపి చూసి 2008లో వెలువరించిన కాక్రేన్ సమీక్షలో, మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని తేలింది.

హెల్మెట్ పెట్టుకుంటే ఏమీ కాదని దీని అర్థం కాదు. మితిమీరిన వేగంలో లారీని ఢీకొంటే ఏ హెల్మెట్టూ పూర్తి రక్షణ ఇవ్వలేదు. కానీ ఊళ్లో రోజూ జరిగే పడిపోవడాల్లో ప్రాణానికి, మరణానికి మధ్య తేడా చాలాసార్లు అదే.

మన ప్రాంతంలో ఎందుకు ఇంకా ముఖ్యం?

పెనుకొండ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై బెంగళూరు, హైదరాబాద్ మధ్య తిరిగే లారీలు, బస్సులు, కార్లు వేగంగా దూసుకెళ్తుంటాయి. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక షిఫ్టులకు వెళ్లొచ్చేవారి బండ్లూ అదే దారిలో కనిపిస్తున్నాయి. పొలానికో, పక్క ఊరికో వెళ్లాలన్నా చాలామంది ఈ రహదారిని దాటాల్సిందే.

మరో విషయం వైద్యం. తలకు తీవ్ర గాయమైతే స్కానింగ్, న్యూరోసర్జన్ రెండూ త్వరగా కావాలి. ఇక్కడి నుంచి అలాంటి కేసులను తరచూ అనంతపురానికో, బెంగళూరుకో తీసుకెళ్తారు. హిందూపురం నుంచి బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్లు. అంబులెన్సులో గడిచే ఆ సమయమంతా మెదడుపై ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనక కూర్చున్నవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. పట్టీ బిగించడం కూడా ఈ నిబంధనలో భాగమే. ఉల్లంఘిస్తే సెక్షన్ 194డి కింద రూ.1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. హెల్మెట్ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని 2024లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఆదేశించింది. ఇది కేంద్ర చట్టం కాబట్టి హిందూపురం నుంచి సరిహద్దు దాటి గౌరిబిదనూరు వెళ్లినా హెల్మెట్ తప్పనిసరే.

చిన్నపిల్లల సంగతి?

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్లేటప్పుడు వారి తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ కూడా చెల్లుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు వాడాలి, వేగం 40 కి.మీ. మించకూడదు. ఈ నిబంధనలు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్నాయి.

సైకిల్, చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్‌కు అక్కర్లేదా?

సైకిల్‌కు మన దగ్గర హెల్మెట్ తప్పనిసరి కాదు. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కి.మీ. లోపు వేగంతో వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్లను కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా పరిగణించవు. అయితే వాటి మీద నుంచి పడినా తల పడే ఎత్తు అంతే. 2003లో పారిస్-నీస్ రేసులో కజకిస్థాన్ సైక్లిస్టు ఆండ్రీ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయారు. ఆ తర్వాతే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తన రోడ్డు రేసుల్లో హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. స్కూలుకు సైకిల్‌పై వెళ్లే పిల్లలకు ఈ అలవాటు ఇప్పటి నుంచే చేయడం మేలు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

- ఐఎస్ఐ గుర్తు, దానిపై ఐఎస్ 4151 అనే నంబరు, కింద లైసెన్స్ నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్లు తయారు చేయడం, అమ్మడం నేరం. లైసెన్స్ నంబరు అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో చూసుకోవచ్చు.
- పెట్టుకుని తల అటూ ఇటూ ఊపండి. హెల్మెట్ తలతో పాటే కదలాలి, విడిగా జారకూడదు.
- పట్టీ బిగించాక గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి.
- పరిశ్రమల్లో, నిర్మాణ పనుల్లో వాడే టోపీలు బండికి పనికిరావు.

ఎండలకు తల ఉడికిపోతోందన్నది నిజమైన ఇబ్బందే. గాలి రంధ్రాలున్న లేత రంగు హెల్మెట్ తీసుకుని, లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే చెమట సమస్య చాలావరకు తగ్గుతుంది.

ఎదుటివారు పడిపోతే?

108కి ఫోన్ చేయండి. ఊపిరికి ఇబ్బంది లేకపోతే గాయపడినవారి హెల్మెట్‌ను గట్టిగా లాగి తీయొద్దు, మెడకు గాయమై ఉండొచ్చు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది.

ఈసారి పాల ప్యాకెట్ కోసం బండి తీసినా ముందు హెల్మెట్ పెట్టుకోండి, పట్టీ బిగించండి. వెనక కూర్చునేవారికీ ఒకటి ఉందో లేదో చూసుకున్నాకే బయల్దేరండి.