ఉత్తరదేశపు ఎఱ్ఱయంచు గిన్నె

మన యిండ్లలో మసాలాకు వాడు రాతిపువ్వును విద్యార్థులందఱు నెఱుఁగుదురు. పేరు పువ్వే గాని యది పువ్వు కాదు, ఆకును కాదు. శాస్త్రమున దానిని లైకెను అందురు. అట్టి లైకెనులలో మిక్కిలి వింతయైన దొకటి చలిదేశములందు గలదు. దాని శాస్త్రనామము క్లాడోనియా బోరియాలిస్.

ఇది ఫిన్లాండు, నార్వే, కెనడా మొదలగు సీమలలో ఇసుకనేలలమీఁదను, రాళ్ళపైనున్న పలుచని మట్టియందును పెరుగును. అడుగున చిన్న పొలుసులు. వానినుండి ఇంచుమించు అంగుళమెత్తు కాడలు. కాడ కొనయందు పసుపు కలసిన ఆకుపచ్చని గిన్నె. గిన్నె యంచున గురివిందగింజ రంగుగల ఫలము లుండును. చిరకాలము దీనిని కాక్సిఫెరా అను జాతితోఁ గలిపి లెక్కించిరి. 1989వ సంవత్సరమున ఫిన్లాండు శాస్త్రజ్ఞురాలు సోయిలి స్టెన్‌రూస్ దీనిని వేఱుపఱచి పేరిడెను. కంటికి రెండును ఒకటిగానే తోఁచును. లోపలి ఆమ్లములు మాత్రము వేఱు.

ఇది యొక ప్రాణి కాదు. రెండు ప్రాణుల కాపురము. గిన్నెను గట్టునది కుక్కగొడుగుల తెగకుఁ జెందిన శిలీంధ్రము. సూర్యకాంతితో నాహారమును వండిపెట్టునది పాచి తెగకుఁ జెందిన శైవలము. 1867లో స్విట్జర్లాండు దేశస్థుఁడగు ష్వెండెనర్ ఈ సంగతి చెప్పినపుడు పలువురు పండితులు నమ్మరైరి. ఆయన శిలీంధ్రమును యజమానునిగను, శైవలమును బానిసగను పోల్చెను. ఆ పోలిక మాకు సమ్మతము కాదు. ఎఱ్ఱని ఫలమునుండి గాలికెగిరిన బీజములో శిలీంధ్రమే యుండును. పడినచోట తగిన శైవలము దొరకనిచో గిన్నె పుట్టనే పుట్టదు. వంటవాఁడు లేక పస్తుండు యజమానుఁడు ఏపాటి యజమానుఁడు?

దీనికి వేళ్ళు లేవు. వానయు, మంచును, గాలియు తెచ్చిన దానినే గ్రహించును, విషమైనను విడువదు. ప్యారిసు నగరపు గాలి చెడుటచే అచ్చటి తోటలలో లైకెనులు నశించుచున్నవని 1866లోనే నైలాండర్ అను శాస్త్రజ్ఞుఁడు వ్రాసెను.

1986 ఏప్రిలులో చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము ప్రేలినపుడు సీసియమను ధాతువు వానతోఁ గూడి స్వీడను, నార్వేలపై కురిసెను. ఆ దేశములలో సామీ జనులు పెంచు ధ్రువపుజింకలకు శీతకాలమున ముఖ్యాహారము ఈ గిన్నె దాయాదులైన లైకెనులే. అవి యేఁటికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. ఆకు రాల్చి క్రొత్తయాకు తొడుగుటయు లేదు. కావున ఒకసారి చేరిన విషము వానిలో నేండ్లతరబడి నిలిచెను. వేలకొలది జింకల మాంసమును పాఱవేయవలసివచ్చెను. సీసియము సగమగుటకే ముప్పది సంవత్సరములు పట్టును. జింకలను కోయుటకు ముందు కొన్ని వారములు శుభ్రమైన మేత మేపి, విషమును కొలిచి చూచుట పలు తావుల సామీలకు ఏటేటి పనియయ్యెను.