కడప కోసం వెతికేటప్పుడు

మన జిల్లాల రాళ్లపై ప్రాజెక్టు రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు "నెట్‌లో ఏమీ దొరకలేదన్నా" అంటూ మా దగ్గరికి వస్తుంటారు. ఉంది, పేరే వేరు. 2005 దాకా ఇంగ్లీషులో కడపను 'సి' అక్షరంతో కడ్డపా అని రాసేవారు. అధికారికంగా 'కె'కు మారినా భూగర్భ శాస్త్రవేత్తలకు అది నేటికీ కడ్డపా బేసినే. 1872లో విలియం కింగ్ ఈ శిలలపై రాసిన గ్రంథంలో మాత్రం 'కె'తోనే మొదలై చివర 'హెచ్' ఉంటుంది. కర్నూలేమో కార్నుల్ అయింది. (దొరలకు మన ఊళ్ల పేర్లు నోరు తిరగలేదేమో!)

కాబట్టి అన్ని స్పెల్లింగులతోనూ వెతకండి. ఎవరు, ఏ సంవత్సరంలో రాశారో చూశాకే రికార్డులోకి ఎక్కించండి. పుస్తకాలు కొనే స్తోమత మనలో చాలామందికి లేదు. శోధ్‌గంగలో పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. ముందు వాటి చివరనున్న ఆధార గ్రంథాల పట్టిక తెరవండి.